బడి గోడ ఒక్కటే సరిపోదు

సంపాదకులకు నమస్కారం. మా ఊరి ప్రాథమిక పాఠశాల ప్రహరీ ఒకవైపు కూలిపోయింది, ఎవరు పడితే వాళ్లు లోపలికి వచ్చేస్తున్నారు. అది కట్టించాల్సిందే. కానీ నాకు అంతకంటే పెద్ద టెన్షన్ ఏమిటంటే, పిల్లని ఎవరైనా తప్పుగా తాకారని తెలిసినా పరువు పోతుందని పెద్దలే నోరు మూయించడం. ఇది చాలా అన్యాయం. పిల్లలపై లైంగిక నేరాలను అరికట్టే 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం, తెలిసి కూడా పోలీసులకు చెప్పకపోతే ఆరు నెలల వరకు జైలు శిక్ష పడొచ్చు, ఈ నియమం టీచర్లకే కాదు, ఇరుగుపొరుగుకీ వర్తిస్తుంది. పిల్లల్ని కొట్టే శిక్షల్ని కూడా 2009 విద్యాహక్కు చట్టం నిషేధించింది, అయినా బెత్తం లేకపోతే చదువు రాదనే తల్లిదండ్రులు ఇంకా ఉన్నారు. ఆపదలో ఉన్న పిల్లల కోసం ఫోన్ చేయడానికి 1098 అనే ఉచిత హెల్ప్‌లైన్ నంబరు ఉంది. విద్యాశాఖ అధికారులు దాన్ని ప్రతి తరగతి గోడ మీద, ఒకటో తరగతి పిల్లలకీ కనబడే ఎత్తులో రాయించాలి.

– ఒక తల్లి, ఆమదాలవలస మండలం, శ్రీకాకుళం జిల్లా