బల్లికి పెట్టే పురుగు కడుపులో ఏముంది?

సంపాదకులకు నమస్కారం.

అమెరికాలోని తెలుగు పిల్లలు పెంచుకుంటున్న జంతువుల గురించి మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసంలో, లెపర్డ్ గెకో అనే పెంపుడు బల్లికి కేటాయించిన రెండు పేరాలు చదివాక ఈ ఉత్తరం రాయక తప్పలేదు. దుకాణంలో దొరికే పిండిపురుగులు (మీల్‌వర్మ్‌లు) రోజూ నాలుగు పెడితే చాలునని, తిననని మొరాయిస్తే మైనపు పురుగులు అలవాటు చేయాలని, వేసవిలో పెరట్లో పిల్లల చేతే పురుగులు పట్టిస్తే ఖర్చు కలిసివస్తుందని అందులో ఉంది. మొదటిది సగం నిజం. చివరిది మాత్రం బల్లి ప్రాణం తీయగల సలహా.

లెపర్డ్ గెకో అఫ్గానిస్తాన్, పాకిస్తాన్, వాయవ్య భారత ప్రాంతాల రాతినేలల జీవి. మన ఇంటి గోడ మీది బల్లికి ఉన్నట్టు దీని వేళ్ల కింద అంటుకునే మెత్తలు ఉండవు, కళ్లకు రెప్పలు మాత్రం ఉంటాయి. ఇది పూర్తిగా పురుగుల మీదే బతుకుతుంది. శాకాహార కుటుంబాల్లో దీన్ని పెంచుతున్న పిల్లల తల్లిదండ్రులు క్యారెట్ తురుమో, మామిడిపండు ముక్కో పెట్టి చూడవచ్చా అని తరచు అడుగుతుంటారు. పెట్టకూడదు, కూరగాయలనూ పండ్లనూ అరిగించుకునే ఏర్పాటు దాని పొట్టలో లేదు. చక్కగా చూసుకుంటే 15 నుంచి 20 ఏళ్లు బతికే ఈ ప్రాణి కోసం అన్నేళ్లూ బతికున్న పురుగులను ఇంట్లో ఉంచుకోవడానికి మనసొప్పని వారు దాన్ని తెచ్చుకోకపోవడమే ఇద్దరికీ మేలు.

ఇక అసలు విషయం. పురుగులకు ఎముకలు లేవు. అందువల్ల వాటి ఒంట్లో కాల్షియం స్వల్పంగానూ, భాస్వరం అధికంగానూ ఉంటాయి. కిలో పిండిపురుగుల్లో భాస్వరం సుమారు 2,850 మిల్లీగ్రాములు ఉంటే, కాల్షియం 170 దగ్గరే ఆగిపోతుంది; కిలో ఇలకోళ్లలో భాస్వరం 2,950, కాల్షియం 400 చిల్లర. గెకోకు కావలసింది దీనికి తలకిందులు: భాస్వరం ఒక పాలయితే కాల్షియం ఒకటి నుంచి రెండు పాళ్లు ఉండాలి. తిండిలో దొరకని కాల్షియాన్ని అది తన ఎముకల నుంచే తోడుకుంటుంది కాబట్టి, కొన్ని నెలలు గడిచేసరికి దవడ మెత్తబడుతుంది, కాళ్లు వంకరపోతాయి, నడక తడబడుతుంది, చివరికి పురుగును కొరికి పట్టుకునే శక్తి కూడా ఉండదు. పశువైద్యులు మెటబాలిక్ బోన్ డిసీజ్ అని పిలిచే ఈ జబ్బులో ఒకసారి వంగిన ఎముక మళ్లీ పూర్తిగా సరికాదు. ఇలకోడి మంచిదా, పిండిపురుగు మంచిదా అని జరిగే వాదనలన్నీ ఈ లెక్క ముందు చాలావరకు వృథా అని నా అభిప్రాయం, ఎందుకంటే ఉత్త పురుగుగా పెడితే రెండూ చాలనివే.

చేయవలసిన పని పురుగును బల్లి ముందు వదలడానికి ఒకటి రెండు రోజుల ముందే మొదలవుతుంది. దుకాణంలోని అట్టపెట్టెలో రోజుల తరబడి ఆకలితో పడి ఉన్న ఇలకోడిని అలాగే తెచ్చి వేస్తే బల్లికి దక్కేది పైపొట్టూ కాసిని నీళ్లూ మాత్రమే. ఇంటికి తెచ్చిన పురుగులకు కాల్షియం ఎక్కువగా కలిపి ఇందుకోసమే తయారుచేసి అమ్మే పొడిమేతను, దానితోపాటు ఆవాకు, కాలర్డ్ ఆకు వంటి వాటిని కడుపునిండా తిననివ్వాలి. తల్లిదండ్రులు అడిగే ఆ క్యారెట్‌కు తగిన చోటు ఇదే. పురుగులకు తడి కోసం దాన్ని పెట్టవచ్చు. పాలకూర మాత్రం వద్దు, అందులోని ఆక్సలేట్లు కాల్షియాన్ని ఒంటికి పట్టనివ్వవు. పిండిపురుగులను అమ్మే డబ్బాలో ఉండే గోధుమ తవుడును చూసి వాటికి మేత ఉందిగదా అనుకుంటారు గాని, తవుడులో ఉండేది మళ్లీ భాస్వరమే. ఆ తరువాత, పెట్టబోయే ముందు, భాస్వరం కలవని కాల్షియం పొడిని పురుగులకు పలుచగా పట్టించాలి. విటమిన్ డి3 లేనిదే ఆ కాల్షియం ఒంటబట్టదు, మితిమీరితే డి3 కూడా చేటే. కనుక ఎదిగే పిల్లకు ఎంత, పెద్దదానికి ఎంత, గూటిలో అతినీలలోహిత దీపం ఉంటే ఎంత అన్నది సరీసృపాలను చూసే పశువైద్యుణ్ణి అడిగి స్థిరపరచుకోవాలి. ఇంత చేసినా పడుకునే చోటు అడుగున 32 డిగ్రీల సెల్సియస్ దరిదాపుల్లో వెచ్చదనం లేకపోతే తిన్నది అరగదు.

ఈ రెండు పనులూ జరిగాకే ఏ పురుగు అన్న ప్రశ్నకు అర్థం ఉంటుంది. రెండు మూడు రకాలను మార్చి మార్చి పెట్టడం మంచిదని నేను నమ్ముతాను. ఇలకోళ్లు పరుగులు తీస్తూ బల్లిచేత వేట ఆడిస్తాయి గనుక దానికి కొంత వ్యాయామం. అయితే తినగా మిగిలినవాటిని గూట్లోనే వదిలేస్తే అవే నిద్రలో ఉన్న బల్లిని కొరుకుతాయి. డూబియా బొద్దింకలు వీటికంటే నయం: అరవవు, వాసన రావు, నున్నటి గాజు గోడ ఎక్కలేవు, మన చలి ఇళ్లలో తప్పించుకున్నా సంతానం పెంచుకోలేవు. బొద్దింకను డబ్బిచ్చి కొనుక్కురావడమేమిటని మా ఇంట్లోనూ పెద్దలు ముఖం చిట్లించారు, ఆ అభ్యంతరానికి నా దగ్గర శాస్త్రీయమైన జవాబు లేదు. నల్ల సోల్జర్ ఈగ పురుగుల్లో మాత్రం భాస్వరం కంటే కాల్షియమే ఎక్కువ, మేతపురుగుల్లో ఇది అరుదైన గుణం.

మన వాళ్లకు బాగా తెలిసిన పురుగు ఒకటి ఈ జాబితాలో ఉందని చాలామందికి తెలియదు. హిందూపురం, మదనపల్లె ప్రాంతాల్లో రైతులు మల్బరీ ఆకుతో పెంచే పట్టుపురుగునే ఇక్కడ సరీసృపాల మేతగా అమ్ముతారు. మెత్తటి ఒళ్లు, చాలినంత మాంసకృత్తులు, అతి తక్కువ కొవ్వు, జబ్బుపడి లేచిన గెకోకు ఇంతకంటే తేలికైన తిండి లేదు. ధర ఎక్కువ, మల్బరీ ఆకో దానితో చేసిన మేతో తప్ప మరొకటి ముట్టదు, ఇవే దానితో చిక్కు.

మైనపు పురుగు సంగతి దీనికి పూర్తిగా ఎదురు. తేనెపట్టులను తొలిచి తినే చిమ్మట పిల్ల ఇది. దాని బరువులో దాదాపు నాలుగో వంతు కొవ్వే. గెకో దీన్ని ఎగబడి తింటుంది, నాలుగు రోజులు వరుసగా పెడితే మిగతా పురుగుల వంక చూడనే చూడదు. కొవ్వును తోకలో దాచుకునే జీవి కనుక తోక లావెక్కడం చూసి ఆరోగ్యం అనుకుని పిల్లలు మురిసిపోతారు గాని, తోక మెడకంటే బాగా లావై, చంకల్లో బుడిపెలు తేలినప్పుడు అది ఊబకాయమే. మొరాయించే గెకోకు దీన్ని అలవాటు చేయమనడం అందుకే తగదు. తినని గెకోకు ముందు వెచ్చదనం సరిపోతున్నదో లేదో చూడాలి, ఆ తరువాత వైద్యుడికి చూపించాలి. ఏ పురుగైనా బల్లి రెండు కళ్ల మధ్య దూరం కంటే పెద్దది కాకూడదన్నది పెంపకందారులు పాటించే కొలత.

పెరటి పురుగుల విషయంలో మీ వ్యాసంతో నాకు రాజీ లేదు. ఇక్కడి పచ్చిక బయళ్ల మీద కలుపు మందులూ పురుగు మందులూ చల్లుతూనే ఉంటారు. మనం చల్లకపోయినా పక్కింటివారు చల్లుతారు. అంతకంటే పెద్ద ప్రమాదం మిణుగురులు. అమెరికా మిణుగురుల ఒంట్లో లూసిబుఫాజిన్లు అనే విషపదార్థాలు ఉంటాయి. కొన్ని జాతుల కప్పల చర్మంలో ఉండే, గుండెను ఆపే విషాలకు ఇవి దగ్గరి చుట్టాలు. పెంపుడు బియర్డెడ్ డ్రాగన్లు మిణుగురులు తిని చనిపోయిన ఉదంతాలను శాస్త్రవేత్తలు 1999లోనే ప్రచురించారు. ఈ డ్రాగన్లు ఆస్ట్రేలియా నుంచి వచ్చిన తొండజాతి జీవులు, గెకో దక్షిణాసియా వైపుది; ఇక్కడి మిణుగురుతో తరతరాల పరిచయం లేని జీవికి దాన్ని చూసి తప్పుకునే తెలివి ఉంటుందని ఆశించలేము. బల్లికి హాని చేయడానికి ఒక్కటి చాలు, పిల్లలు చేతితో సునాయాసంగా పట్టుకోగలిగే పురుగూ అదే.

న్యూజెర్సీ, పెన్సిల్వేనియా పెరళ్లలో జూన్ మొదలుకొని మిణుగురులు కనిపిస్తాయి. మీ సవరణలో మిగతాదంతా ప్రచురించడానికి స్థలం లేకపోయినా సరే, మిణుగురుల గురించిన ఈ ఒక్క హెచ్చరికను ఈ నెలలోపే, మొదటి వ్యాసం వచ్చిన పుటలోనే వేయవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
ఎడిసన్, న్యూజెర్సీ