కరాటే నేర్పండి, ఇన్‌హేలర్ మాన్పించకండి

సంపాదకులకు నమస్కారం.

మా అబ్బాయికి 9 ఏళ్లు, ఉబ్బసం ఉంది. కరాటేలో చేర్చిన రెండో నెలలో వాళ్ల మాస్టర్ నాతో, "ఆటగాళ్ల ఊపిరితిత్తులు మామూలు వాళ్లకంటే గట్టివని పరీక్షల్లోనే తేలిందమ్మా, ఇంకా ఆ ఇన్‌హేలర్ ఎందుకు?" అన్నారు. మంచి మనసుతోనే అన్నారు. నేనూ నమ్మి ఆపేశాను. పదిహేను రోజులకు, సాధన ముగిశాక వాడు పిల్లికూతలతో కూలబడ్డాడు. అందుకే ఈ ఉత్తరం.

కరాటే, జూడో, తైక్వాండో ఆడేవాళ్లనీ ఏ ఆటా ఆడనివాళ్లనీ స్పైరోమీటర్‌తో పోల్చి చూసిన పరిశోధనలున్న మాట నిజం. నిండా పీల్చి బలంగా ఊదితే మొత్తం ఎంత గాలి వచ్చింది, మొదటి సెకనులో ఎంత వచ్చింది అని కొలుస్తారు. ఆటగాళ్ల అంకెలు తరచూ మెరుగ్గానే ఉంటాయి. అయితే ఆ అంకె ఎత్తును బట్టి, వయసును బట్టి, ఆడా మగా అన్నదాన్ని బట్టి కూడా మారుతుంది. పైగా ఆయాసపడే పిల్లలు చాలామంది మధ్యలోనే మానేస్తారు. ఒక్కసారి కొలిచి పోలిస్తే ఆట వల్ల ఊపిరి పెరిగిందో, ఊపిరి ఉన్నవాళ్లే ఆటలో మిగిలారో ఎలా తెలుస్తుంది? చేరిన రోజు కొలిచి, ఏడాది తర్వాత అదే మనిషిని మళ్లీ కొలవాలి. ఆడనివాళ్లనూ అలాగే కొలవాలి.

సాధన వల్ల మేలు లేదనను. ఊపిరి తీసే కండరాలు బలపడతాయి, ఒంటికి ఓపిక వస్తుంది. మా వాడిని నేను మాన్పించలేదు కూడా. కానీ ఉబ్బసం అంటే గాలిగొట్టాల్లో వాపు. కండరం గట్టిపడితే ఆ వాపు పోదు. ఇంకో సంగతి చాలామందికి తెలియదు: కూర్చోబెట్టి ఊదిస్తే అంకె బాగానే వచ్చిన మనిషికి, గట్టిగా ఆడాక గొట్టాలు బిగుసుకుపోవచ్చు. పెద్ద పెద్ద క్రీడాకారుల్లోనూ ఇది ఉంది. వ్యాయామం తర్వాత మొదటి సెకను అంకె 10 శాతమో అంతకన్నా ఎక్కువో పడిపోతే వైద్యులు దీన్ని అనుమానిస్తారు.

ఆటగాళ్ల ఊపిరి కొలిచిన ఇలాంటి పరిశోధనల వార్తలు వేసేటప్పుడు ఎంతమందిని కొలిచారో, ఎత్తూ వయసూ సరిపోల్చారో లేదో మీ పత్రిక రెండు ముక్కలు రాయాలని కోరుతున్నాను. శిక్షణ కేంద్రాల వాళ్లు చేర్చుకునేటప్పుడే ఉబ్బసం ఉందా అని అడగాలి, ఆ పిల్లల ఇన్‌హేలర్ సాధన చేసే చోటే అందుబాటులో ఉంచాలి. మందు ఆపాలా వద్దా అన్నది డాక్టరుకు వదిలేయండి మాస్టర్లూ.

- ఒక తల్లి