వార్షిక నివేదిక 2025–26: విండోస్ మార్చాక ఆగిపోయిన నెట్, మన సంఘం చేసిన పని

గౌరవ సభ్యులకు నమస్కారం.

2025 ఏప్రిల్ నుంచి 2026 మార్చి వరకు కాకినాడలోని మన అపార్ట్‌మెంట్ ఓనర్ల సంఘం చేసిన పనుల నివేదిక ఇది. జమాఖర్చుల పట్టికను కోశాధికారి గారు విడిగా ఇస్తున్నారు. లిఫ్టుల ఏఎంసీ (ఏడాది నిర్వహణ ఒప్పందం) రెన్యువల్ అయింది. సంపు, ఓవర్‌హెడ్ ట్యాంకులు కడిగించాం. వినాయక చవితి, సంక్రాంతి ముగ్గుల పోటీ ఎప్పటిలాగే బాగా జరిగాయి. పార్కింగ్ గొడవ ఎక్కడిది అక్కడే ఉంది. దాని సంగతి సభలోనే తేల్చుకుందాం.

ఈ ఏడాది కమిటీ టైమంతా తినేసింది మాత్రం నీళ్లూ కాదు, లిఫ్టులూ కాదు. కంప్యూటర్లు. ఫిర్యాదుల పుస్తకంలో అక్టోబరు, నవంబరు పేజీలు తిరగేస్తే ఒకటే మాట మళ్లీ మళ్లీ కనిపిస్తుంది: "విండోస్ 11 వేసుకున్నాం, నెట్ రావట్లేదు." వచ్చే ఏడాది కూడా ఈ బెడద తప్పేలా లేదు కాబట్టి దీన్ని కాస్త వివరంగా రాస్తున్నాం.

విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ ఉచిత సపోర్టు 2025 అక్టోబరు 14తో ముగిసింది. ఆ తేదీ దగ్గర పడేకొద్దీ స్క్రీన్ మీద హెచ్చరికలు పెరిగాయి, టెన్షన్ కూడా పెరిగింది. దసరాకి పిల్లలు ఇంటికొచ్చారు, దీపావళి దాకా రాకపోకలు సాగాయి. ఈ మధ్యలో చాలా ఇళ్లలో కొడుకో కూతురో కూర్చుని అమ్మానాన్నల కంప్యూటర్ అప్‌గ్రేడ్ చేసేసి, రైలెక్కి వెళ్లిపోయారు. మర్నాడు నెట్ లేదు. పిల్లలకు ఫోన్ చేస్తే ఆఫీసులో మీటింగ్. ఇక మిగిలింది సంఘం ఆఫీసే.

మొదట అందరూ తిట్టింది కేబుల్ ఆపరేటర్‌ని. ఆయన పంపిన కుర్రాడు వచ్చి, తన ల్యాప్‌టాప్‌కి అదే కేబుల్ తగిలించి, నెట్ వస్తోందని చూపించి వెళ్లాడు. అయినా కొందరు నమ్మలేదు. ఆపరేటర్ మీద మనకున్న వేరే ఫిర్యాదులు అలాగే ఉన్నాయి, కానీ ఈ విషయంలో తప్పు ఆయనది కాదు. అసలు గొడవ లైన్‌లో లేదు. లైన్‌కీ విండోస్‌కీ మధ్య ఉండే పాత డ్రైవర్లు, పాత సాఫ్ట్‌వేర్లు, పాత రూటర్ సెట్టింగుల్లో ఉంది. కమిటీ ఇన్ని నెలల్లో గట్టిగా తెలుసుకున్నది ఇదొక్కటే. ఇది తెలిశాక సగం పని సులువైంది.

లైన్ నిజంగానే పోయిన సందర్భమూ ఉంది. అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను తీరం దాటినప్పుడు కరెంటూ పోయింది, కేబులూ పోయింది. అప్పుడు ఫోన్‌లో కూడా వైఫై పనిచేయలేదు. తేడా కనిపెట్టడానికి అదే చిట్కా. అదే వైఫై మీద ఫోన్‌లో నెట్ వచ్చి, కంప్యూటర్‌లో మాత్రం రాకపోతే ఆపరేటర్‌కి ఫోన్ చేసి లాభం లేదు.

బి బ్లాక్‌లో ఉండే రిటైర్డ్ టెలికాం ఇంజనీరు గారు, ఇంజనీరింగ్ చదువుతున్న మన పిల్లలు కొందరు ఆదివారాలు కమ్యూనిటీ హాల్లో కూర్చుని ఎవరు కంప్యూటర్ తెచ్చినా చూశారు. డెస్క్‌టాప్ మోసుకుని రాలేని పెద్దవాళ్ల ఇళ్లకు వాళ్లే వెళ్లారు. కమిటీ తరఫున వాళ్లకు కృతజ్ఞతలు. మేం ఇచ్చింది టీ, పకోడీ మాత్రమే.

వాళ్ల దగ్గరికి ఎక్కువగా వచ్చింది వైఫై డ్రైవర్ సమస్య. వైఫై కార్డుని విండోస్‌తో మాట్లాడించే చిన్న సాఫ్ట్‌వేరే డ్రైవర్. పాత కార్డులకీ, బజార్లో చవగ్గా కొన్న యూఎస్‌బీ వైఫై ముక్కలకీ తయారీదారు కొత్త డ్రైవర్ ఇవ్వడం ఎప్పుడో మానేసి ఉంటాడు. అప్‌గ్రేడ్ అయ్యాక వైఫై గుర్తే మాయమవుతుంది, లేదా కనిపిస్తూనే కనెక్ట్ కాదు. డ్రైవర్ దించుకుందామంటే నెట్ కావాలి, నెట్ రావాలంటే డ్రైవర్ కావాలి. పెళ్లి కుదిరితే గానీ పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కుదరదన్న సామెత హాల్లో ఎన్నిసార్లు వినపడిందో! దీనికి మందు మన జేబులోనే ఉంది. ఫోన్‌ని ఛార్జింగ్ కేబుల్‌తో కంప్యూటర్‌కి తగిలించి, ఫోన్‌లో యూఎస్‌బీ టెథరింగ్ (ఫోన్ నెట్‌ని కేబుల్ ద్వారా కంప్యూటర్‌కి ఇచ్చే సెట్టింగ్) ఆన్ చేస్తే చాలు. ఆండ్రాయిడ్ ఫోన్లయితే విండోస్ సాధారణంగా తనంతట తానే గుర్తుపడుతుంది. ఆ నెట్‌తో తయారీదారు సైట్‌కే వెళ్లి డ్రైవర్ దించుకోవాలి. "డ్రైవర్లన్నీ ఒకేసారి అప్‌డేట్ చేస్తాం" అని ఊరించే ప్రోగ్రాముల జోలికి వెళ్లొద్దు.

కొత్తగా మొదటి నుంచీ విండోస్ 11 వేసుకున్నవాళ్లకు ఇదే చిక్కు ఇంకాస్త ముందే ఎదురైంది. సెటప్ మధ్యలోనే అది ఇంటర్నెట్ అడుగుతుంది. వైఫై కార్డుని గుర్తుపట్టకపోతే ఆ పేజీ దాటనివ్వదు. అక్కడ కూడా ఫోనే ఆదుకుంది.

ఇంటి నుంచి పనిచేసే ఉద్యోగుల కష్టం వేరు. ఆఫీసు నెట్‌వర్క్‌కి ఇంటి నుంచి భద్రంగా కలిపే పాత వీపీఎన్ సాఫ్ట్‌వేర్లు, కొన్ని యాంటీవైరస్‌లు నెట్‌వర్క్ దారిలో తమ సొంత ఫిల్టర్ ఒకటి పెట్టుకుంటాయి. విండోస్ మారాక ఆ ఫిల్టర్ కొత్తదాంతో పొసగకపోతే వీపీఎన్ ఒక్కటే కాదు, మొత్తం నెట్టే ఆగిపోవచ్చు. ఇది విండోస్ 11తో పుట్టిన జబ్బు కాదు. 2015లో విండోస్ 10 వచ్చినప్పుడు కూడా పాత వీపీఎన్ ప్రోగ్రాములున్న కంప్యూటర్లలో వైఫై నెట్‌వర్కులే కనిపించకుండా పోయాయి. అప్‌గ్రేడ్‌కి ముందే వీపీఎన్ తీసేసి, తర్వాత కొత్త వెర్షన్ వేసుకోవడం సుఖం. ఆఫీసు ల్యాప్‌టాప్ అయితే కంపెనీ ఐటీ వాళ్లని అడగకుండా ముట్టుకోవద్దని మన పిల్లలు చాలామందిని వెనక్కి పంపారు. అది మంచి పనే.

నెట్‌వర్క్ వివరాల్లో ఐపీ అడ్రస్ (నెట్‌వర్క్‌లో కంప్యూటర్‌కి ఉండే నంబరు) 169.254తో మొదలైతే రూటర్ నుంచి కంప్యూటర్‌కి అడ్రస్ అందలేదని అర్థం. ముందు రూటర్, కంప్యూటర్ రెండూ ఆపి మళ్లీ ఆన్ చేయాలి. కుదరకపోతే సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్ రీసెట్ అని ఉంటుంది. అది నొక్కే ముందు వైఫై పాస్‌వర్డ్ ఒక కాగితం మీద రాసుకోండి, ఎందుకంటే పాతవన్నీ తుడిచేస్తుంది.

మన బ్లాకుల్లో కొందరు ఇంకా రూటర్ లేకుండా నేరుగా కంప్యూటర్‌కే కేబుల్ పెట్టి, యూజర్ నేమ్ కొట్టి డయల్ చేస్తున్నారు. విండోస్ కొత్తగా వేసినప్పుడు ఆ డయలర్ పోతుంది, పాస్‌వర్డ్ ఎవరికీ గుర్తుండదు. పైగా కొందరు ఆపరేటర్లు కంప్యూటర్ మ్యాక్ అడ్రస్‌ని (నెట్‌వర్క్ కార్డుకి ఉండే సొంత నంబరుని) కూడా ఖాతాకి కట్టేస్తారు. డ్రైవర్ దొరకక కొత్త యూఎస్‌బీ అడాప్టర్ కొంటే మ్యాక్ మారిపోయి లాగిన్ కాదు. ఆపరేటర్‌కి ఒక్క ఫోన్ చేసి మార్పించుకుంటే సరి. ఆ లాగిన్ వివరాలు రూటర్‌లోనే పెట్టించుకుంటే విండోస్ ఎన్నిసార్లు మార్చినా ఈ తలనొప్పి ఉండదు.

ఒకాయన డెస్క్‌టాప్‌లో నెట్ ఉన్నా బ్యాంకు సైట్లు మాత్రం "సురక్షితం కాదు" అంటూ ఆగిపోయేవి. చూస్తే కంప్యూటర్‌లో తేదీ ఏళ్లు వెనక్కి వెళ్లి ఉంది. మదర్‌బోర్డు మీద బిళ్ల బ్యాటరీ అయిపోయింది. బ్యాటరీ మార్చారు, తేదీ సరిచేశారు, అయిపోయింది. దీనికోసం కొత్త కంప్యూటర్ కొనమన్న షాపువాడు కూడా ఉన్నాడు మరి!

మన ఆఫీసు కంప్యూటర్‌కి వచ్చిన సమస్యలు రెండు. రూటర్‌కి గుచ్చిన పెన్‌డ్రైవ్‌లో మెయింటెనెన్స్ బిల్లులు దాచేవాళ్లం. 2024 అక్టోబరులో వచ్చిన 24హెచ్2 వెర్షన్ నుంచి విండోస్ 11 ప్రో, పాస్‌వర్డ్ లేని గెస్ట్ పద్ధతిలో ఇలాంటి షేర్డ్ ఫోల్డర్లు తెరవడానికి ఒప్పుకోదు, దారిలో ఎవరూ మార్చలేదని తెలియడానికి డేటాకి డిజిటల్ సంతకం కూడా అడుగుతుంది. మన పాత రూటర్‌కి అవి తెలియవు. సెట్టింగ్ సడలించి నడిపించే మార్గం ఉన్నా, బిల్లుల్లో సభ్యుల ఫోన్ నంబర్లు కూడా ఉంటాయి కాబట్టి కమిటీ ఒప్పుకోలేదు. ఆ ఫైళ్లను కంప్యూటర్‌లోకి మార్చి, కాపీ ఒకటి బయటి హార్డ్ డిస్క్‌లో పెట్టాం.

రెండోది గేటు సీసీ కెమెరాల దృశ్యాలు రికార్డు చేసే డీవీఆర్ పెట్టె. దాని పేజీ ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌లో తప్ప తెరుచుకోదు. ఆ బ్రౌజర్‌ని మైక్రోసాఫ్ట్ 2022 జూన్ 15న ఆపేసింది, విండోస్ 11లో అది లేనే లేదు. ప్రస్తుతానికి మైక్రోసాఫ్ట్ కొత్త బ్రౌజర్ ఎడ్జ్‌లో, పాత ఎక్స్‌ప్లోరర్‌లా పేజీలు తెరిచే ఐఈ మోడ్‌తో చూస్తున్నాం. ఎంతకాలం ఇలా నెట్టుకొస్తామో సభ్యులే చెప్పాలి.

అసలు అప్‌గ్రేడ్ కాని కంప్యూటర్లూ ఉన్నాయి. విండోస్ 11కి టీపీఎం 2.0 (తాళాల్లాంటి రహస్య కీలు దాచే భద్రతా చిప్), సెక్యూర్ బూట్ (కంప్యూటర్ ఆన్ అయ్యేటప్పుడు నమ్మకమైన సాఫ్ట్‌వేర్‌నే నడవనిచ్చే ఏర్పాటు) కావాలి. ఇంటెల్ అయితే ప్రాసెసర్ దాదాపుగా ఎనిమిదో తరం నుంచి ఉండాలి. కొన్నిటిలో టీపీఎం ఉండి కూడా బయాస్‌లో (విండోస్ కంటే ముందు తెరుచుకునే సెట్టింగుల్లో) ఆఫ్ అయి ఉంటుంది. అది మార్చే ముందు, డిస్కుకి తాళం వేసే బిట్‌లాకర్ రికవరీ కీ మీ మైక్రోసాఫ్ట్ ఖాతాలో ఉందో లేదో చూసుకోండి, లేకపోతే కంప్యూటర్ తెరుచుకోక ఇరుక్కుపోవచ్చు. అర్హత లేనివాళ్లు కంగారుపడి కొత్తది కొనక్కర్లేదని కమిటీ అభిప్రాయం. విండోస్ 10 ఉన్న ఇంటి కంప్యూటర్లకు 2026 అక్టోబరు 13 వరకు సెక్యూరిటీ అప్‌డేట్లు పొడిగించుకునే వీలుంది. మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అయి సెట్టింగ్స్ బ్యాకప్ చేస్తే డబ్బు కూడా కట్టక్కర్లేదు. సినిమాలు, వార్తలు, మెయిల్ వరకే చాలనుకున్న ఒకరిద్దరికి పిల్లలు విండోస్ బదులు ఉచితంగా దొరికే లైనక్స్ మింట్ వేసిచ్చారు. అక్కడ కూడా కొన్ని వైఫై కార్డులకు డ్రైవర్ విడిగా వేయాల్సి వచ్చింది సుమా.

ఒక హెచ్చరిక. "మైక్రోసాఫ్ట్ నుంచి మాట్లాడుతున్నాం, మీ విండోస్ గడువు అయిపోయింది" అంటూ ఫోన్లు వస్తున్నాయి. మైక్రోసాఫ్ట్ ఎవరికీ ఇలా తనంతట తాను ఫోన్ చేయదు. మీ కంప్యూటర్‌ని దూరం నుంచి నడిపే రిమోట్ యాప్ వేసుకోమంటే వెంటనే ఫోన్ పెట్టేయండి. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. అప్‌గ్రేడ్ నచ్చకపోతే పది రోజుల లోపు సెట్టింగ్స్ నుంచే పాత విండోస్‌కి వెనక్కి వెళ్లొచ్చు. ఆ గడువు దాటాక వచ్చినవాళ్లకు మేం ఏమీ చేయలేకపోయాం.

సభ ఆమోదానికి మూడు ప్రతిపాదనలు పెడుతున్నాం. ఆఫీసు రూటర్, డీవీఆర్ రెండూ ఈ ఆర్థిక సంవత్సరంలోనే మార్చాలి. ఆదివారం సాయం సెప్టెంబరు నుంచి మళ్లీ మొదలుపెట్టాలి, ఎందుకంటే అక్టోబరు గడువు మళ్లీ దసరా రోజుల్లోనే వస్తుంది. ఇళ్లలో పడి ఉన్న పాత రూటర్లు, అడాప్టర్లు, మానిటర్లు ఒకచోట పోగుచేసి, పాతసామాన్ల బండికి కాకుండా అనుమతి ఉన్న ఈ-వేస్ట్ రీసైక్లర్‌కి ఇవ్వాలి. పాత కంప్యూటర్లు కూడా ఇస్తే, ముందు వాటిలోని హార్డ్ డిస్కులు తీసి మీ దగ్గరే ఉంచుకోండి.

ఇట్లు,
కార్యదర్శి, కార్యవర్గం తరఫున