వానాకాలంలో సోలార్ బ్యాటరీలను నిండుగా ఛార్జి చేయాలి

సంపాదకులు గారికి,

2024 ఫిబ్రవరిలో పీఎం సూర్యఘర్ పథకం మొదలయ్యాక మన ఊళ్లలో డాబాల మీద సోలార్ ప్యానెళ్లు బాగా పెరిగాయి. అయితే గ్రిడ్‌కు కలిపిన మామూలు ఇన్వర్టరు, లైన్ మీద పనిచేసేవారికి ప్రమాదం జరగకుండా, కరెంటు పోగానే తానూ ఆగిపోతుంది కనుక, కోతల వేళ కూడా ఫ్యాన్లు తిరగాలనుకునేవారు హైబ్రిడ్ ఇన్వర్టరు, దానికి తోడు లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ పెట్టించుకుంటున్నారు. ఆ బ్యాటరీని ఎలా ఛార్జి చేయాలో మాత్రం ఇంటివారికి చెప్పేవారు తక్కువ.

48 వోల్టులదని అమ్మే ఈ బ్యాటరీలో సాధారణంగా 16 సెల్లులు సిరీస్‌లో ఉంటాయి. వాటిలో ఏ ఒక్కటి 3.65 వోల్టులు దాటినా లోపలి బీఎంఎస్ (సెల్లులను కనిపెట్టి కాపాడే ఎలక్ట్రానిక్ వ్యవస్థ) మొత్తం ఛార్జింగును ఆపేస్తుంది. ఏ ఒక్కటి 2.5 వోల్టుల దాకా పడిపోయినా మొత్తం సరఫరాను నిలిపివేస్తుంది. అంటే 15 సెల్లులలో ఛార్జి మిగిలి ఉన్నా, వెనకబడిన ఒక్క సెల్లు వల్ల అర్ధరాత్రి ఇల్లంతా చీకటవుతుంది.

సెల్లుల మధ్య ఈ తేడాను సరిచేయవలసింది బీఎంఎస్సే. కానీ ఈ రకం సెల్లు వోల్టేజి చాలా సేపు 3.3 దగ్గరే నిలకడగా ఉండడం వల్ల, నిండబోయే దశలో 3.4 దాటాకే సెల్లుల మధ్య తేడా స్పష్టంగా బయటపడుతుంది. చాలా బ్యాటరీలలో బ్యాలెన్సింగ్, అంటే సెల్లులను సమం చేయడం, మొదలయ్యేదీ అప్పుడే. అదీ చాలా చిన్న కరెంటుతో జరుగుతుంది. 100 ఆంపియర్ అవర్ల సెల్లులో 2 శాతం తేడాను 100 మిల్లీయాంపులతో సరిచేయడానికి 20 గంటలు పడుతుంది కాబట్టి, ఇన్వర్టరు తెరపై 100 శాతం ఒకసారి కనిపించినంత మాత్రాన పని పూర్తయినట్టు కాదు.

వానాకాలంలో చిక్కంతా ఇక్కడే వస్తోంది. మబ్బుల వల్ల వచ్చిన కొద్దిపాటి కరెంటు ఇంటి వాడకానికే సరిపోయి, బ్యాటరీ వారాల తరబడి నిండదు. సెల్లులు ఒకదానికొకటి దూరమవుతాయి, తెరపై శాతమూ తప్పుతుంది. బ్యాటరీ పాడైందని, మార్చాలని చెప్పే ముందు, రెండు వారాలకు ఒకసారైనా గ్రిడ్ కరెంటుతో దాన్ని నిండుగా ఛార్జి చేసి, తయారీదారు వేరే అంకె చెప్పకపోతే 55.2 నుంచి 56 వోల్టుల మధ్య కొన్ని గంటలు నిలిపి చూడడం న్యాయం. అలాగని వేసవిలో, డాబా మీది రేకుల గదిలో, బ్యాటరీని ఎప్పుడూ 100 శాతం మీదే ఉంచడమూ మంచిది కాదు; ఆ వేడికి అది త్వరగా ముసలిదవుతుంది.

అన్నిటికన్నా ఆందోళన కలిగించేది పాత రకం ట్యూబులర్ (లెడ్ యాసిడ్) బ్యాటరీల సెట్టింగును లిథియానికీ అలాగే వదిలేయడం. నాలుగు ట్యూబులర్ బ్యాటరీల సిరీస్‌కు ఈక్వలైజేషన్ ఛార్జి (సెల్లులను సమం చేయడానికి ఎక్కువ వోల్టేజితో చేసేది) 60 వోల్టుల దాకా వెళ్లవచ్చు, అది వాటికి మేలే. 16 లిథియం సెల్లుల గరిష్ఠ హద్దు 58.4 వోల్టులే.

కాబట్టి ఛార్జింగ్ వోల్టేజి, కట్-ఆఫ్ వోల్టేజి, గరిష్ఠ కరెంటు తెలుగులో రాసిన కాగితాన్ని ఇన్వర్టరు పక్కనే అంటించాలని బిగించే సంస్థలను ఆంధ్రప్రదేశ్, తెలంగాణల పునరుత్పాదక ఇంధన సంస్థలైన ఎన్‌ఆర్‌ఈడీక్యాప్, టీజీరెడ్కో ఆదేశించాలి. సెట్టింగుల పాస్‌వర్డ్ బిగించినవారి దగ్గరే ఉండిపోతే, ఒక్కో సెల్లు వోల్టేజి చూసుకునే వీలు కూడా కొన్నవారికి ఉండదు. బిల్లుతో పాటే ఆ పాస్‌వర్డ్‌నూ వారి చేతికివ్వడం తప్పనిసరి చేయాలి.

ఇట్లు,
ఒక పాఠకుడు,
తెనాలి