ఇంటి సర్వరుకు డిస్కులు కొనేముందు

సంపాదకులకు నమస్కారం.

ఇంట్లో ఫొటోలు, వీడియోలు దాచుకోవడానికి పెద్ద స్టోరేజ్ సర్వర్ అమర్చుకునేవారు ప్రాసెసర్ మీద చూపే శ్రద్ధ డిస్కుల మీద చూపడం లేదు. నిజానికి ఈ పనికి సాధారణ ప్రాసెసరే సరిపోతుంది. చవకగా దొరికాయని నేను కొన్న నాలుగు 8 టీబీ డిస్కులు, ట్రాకులను (డేటా రాసే వలయాలను) ఇంటి పెంకుల్లా ఒకదాని అంచు మీదికి మరొకటి వచ్చేలా రాసే ఎస్ఎంఆర్ రకానివని, ఒకటి చెడిపోయి కొత్తది పెట్టాక రైడ్ (డిస్కు పోయినా డేటా నిలిచేలా పలు డిస్కులను కలిపి వాడే పద్ధతి) పునర్నిర్మాణం, అంటే పోయిన డిస్కులోని డేటాను కొత్తదానిలో తిరిగి రాయడం, రోజుల తరబడి నత్తనడక నడిచినప్పుడు గానీ తెలియలేదు. పెట్టె మీద ఆ ముక్క ఎక్కడా లేదు. సర్వరుకు, ట్రాకులను ఒకదాని మీదికి ఒకటి రాకుండా పక్కపక్కనే రాసే సీఎంఆర్ రకమే అడిగి తీసుకోవాలి. నాలుగు డిస్కుల రైడ్-5లో 24 టీబీ దక్కినా అది ఒక్క డిస్కు నష్టాన్నే తట్టుకుంటుంది. రైడ్-6లో 16 టీబీయే మిగిలినా రెండు పోయినా డేటా నిలుస్తుంది. తయారీదారులు డిస్కు రకాన్ని పెట్టె మీద స్పష్టంగా ముద్రించాలని కోరుతున్నాను.

— ఒక పాఠకుడు, విజయవాడ