రైల్వే చదువు బర్మింగ్‌హామ్‌లో ఉంది, తార్నాకలో ఎందుకు లేదు?

ఎడిటర్ గారికి నమస్కారం.

పోయిన వారం మీ కెరీర్ పేజీలో రైల్వే ఇంజనీరింగ్‌లో పీజీ చేస్తే ఇక తిరుగే లేదన్నట్టు అర పేజీ వేశారు. వదిలేద్దాం అనుకున్నా గానీ మా అపార్ట్‌మెంట్‌లో వాళ్లు ఆ కటింగ్ పట్టుకొచ్చి "మీరు రైల్వేలోనే చేశారుగా అంకుల్, మావాణ్ణి ఎక్కడ చేర్చమంటారు" అని అడుగుతుంటే రాయక తప్పట్లేదు. వందే భారత్ ఫొటో ఇంత పెద్దది వేశారు, బర్మింగ్‌హామ్ యూనివర్సిటీ, వడోదరలో గతిశక్తి విశ్వవిద్యాలయం, ఖరగ్‌పూర్ ఐఐటీ అన్నీ చెప్పారు, బాగుంది. మరి మన పిల్లలు మన దగ్గరే ఎక్కడ చదవాలో ఒక్క ముక్క రాయలేదేం సార్? రాయడానికి ఏమీ దొరక్కపోయి ఉంటుంది లెండి.

నేను సిగ్నల్ డిపార్ట్‌మెంట్‌లో చేసి రిటైరయ్యా. మా తమ్ముడి కూతురు ఈసీఈ పూర్తిచేసి, సిగ్నలింగ్‌లో ఎంటెక్ చేస్తా పెదనాన్నా అంటే ఎంటెక్ సీట్లిచ్చే పీజీఈసెట్ లిస్టంతా గాలించాం, ఆ పేరుతో బ్రాంచ్ మాకు కనపడలేదు. ట్రాన్స్‌పోర్టేషన్ ఇంజనీరింగ్ ఉంది, వరంగల్ నిట్‌లో కూడా ఉంది, కానీ అది సివిల్ వాళ్లది, రోడ్లూ ట్రాఫికే ఎక్కువ. ఒక యూనివర్సిటీ ఆఫీసుకి ఫోన్ చేసి రైల్వే కోర్సు ఉందా అంటే "ఆర్ఆర్‌బీ కోచింగా సార్, అది మా దగ్గర ఉండదు" అని పెట్టేశాడు. అతన్నని ఏం లాభం, రైల్వే అంటే గ్రూప్ డి ఉద్యోగమే అని అందరి బుర్రల్లో పడిపోయింది.

అసలు కడుపు మండేది ఎక్కడంటే, దేశం మొత్తానికి రైల్వే సిగ్నలింగ్ నేర్పే ఇరిసెట్ ఉన్నది మన సికింద్రాబాద్ తార్నాకలోనే, 1957 నుంచీ. పక్కనే ఉస్మానియా. రైళ్లు గుద్దుకోకుండా వాటంతటవే బ్రేకు వేసే కవచ్ పరికరం ట్రయల్స్ జరిగింది కూడా మన దక్షిణ మధ్య రైల్వేలోనే. 2022 మార్చిలో గుల్లగూడ, చిట్టిగిడ్డ మధ్య రైల్వే మంత్రి గారు స్వయంగా ఇంజన్ ఎక్కితే, ముందున్న ఇంజన్‌కి 380 మీటర్ల దూరంలోనే అది దానంతటదే ఆగిపోయింది. మొదట 1,465 కిలోమీటర్ల మేర కవచ్ వేసింది కూడా మన జోన్‌లోనే. ఇంత పెట్టుకుని, ఇరిసెట్‌లో కూర్చుని నేర్చుకోవాలంటే మాత్రం రైల్వే ఉద్యోగి అయినా అయ్యుండాలి, లేదా ఏదో సంస్థ డబ్బు కట్టి పంపాలి. ఈమధ్య కొన్ని కాలేజీలతో ఒప్పందాలు చేసుకుని బీటెక్‌లో కవచ్ పాఠం పెడుతున్నారు, సంతోషమే, కానీ ఒక పేపర్ రాసేస్తే సిగ్నల్ ఇంజనీర్ అయిపోరుగా.

ఇంతలా ఎందుకు అరుస్తున్నాడీ ముసలాయన అనుకుంటారేమో, 2023 జూన్ 2 బాలాసోర్ ప్రమాదం గుర్తు చేసుకోండి. బహనగా బజార్ స్టేషన్‌లో కోరమాండల్ ఎక్స్‌ప్రెస్‌కి మెయిన్ లైన్ సిగ్నల్ పచ్చగా ఉంది, పాయింటు, అంటే రైలుని ఒక పట్టా నుంచి ఇంకో పట్టాకి మళ్లించేది, మాత్రం స్టేషన్ పక్క పట్టా అయిన లూప్ లైన్‌కి తిరిగి ఉంది. అలా జరగనే కూడదు. పాయింటు ఎటు పడిందో రుజువైతేనే సిగ్నల్ పచ్చబడాలి, ఎక్కడ వైరు తెగినా, సర్క్యూట్‌లో స్విచ్‌లా పనిచేసే రిలే పడిపోయినా ఎర్ర లైటే రావాలి, మా డిపార్ట్‌మెంట్‌లో మొదటి పాఠమే అది. సేఫ్టీ కమిషనర్ రిపోర్టు ఏం తేల్చిందంటే పట్టాల పక్కన సిగ్నల్ పరికరాలుండే గది, గుమ్టీలో సర్క్యూట్ మార్పులు చేసినప్పుడు తప్పులు జరిగాయని. డ్రాయింగ్ ముందు పెట్టుకుని ఒక్కో వైరూ సరిచూసి, టెస్ట్ చేసి, అప్పుడు సంతకం పెట్టాల్సిన పని అది. 290 మందికి పైగా పోయారు. ఆ పని తెలిసినవాళ్లు ఎక్కడి నుంచి వస్తారు, ఆకాశం నుంచి ఊడిపడతారా?

పైవాళ్ల తెలివి ఇంకా గొప్పది. జమాల్‌పూర్‌లో 1927 నుంచి పిల్లల్ని చిన్న వయసులోనే తీసుకుని రైల్వే ఇంజనీర్లుగా తయారుచేసే పద్ధతి ఉండేది, దాన్ని ఎత్తేశారు. 2019లో రైల్వే ఆఫీసర్ల సర్వీసులన్నీ కలిపేసి, తర్వాత సివిల్స్ పరీక్షతోనే ఆఫీసర్లని తీసుకుంటాం అన్నారు, అంటే చరిత్ర ఆప్షనల్ రాసిన అబ్బాయి వచ్చి పాయింట్లనీ సిగ్నళ్లనీ ముడిపెట్టే ఇంటర్‌లాకింగ్ చూస్తాడన్నమాట! 2024లో నాలుక్కరుచుకుని టెక్నికల్ పోస్టులకి మళ్లీ ఇంజనీరింగ్ పరీక్షకే వచ్చారు. మన కాలేజీల సంగతి సరేసరి, సీఎస్ఈ, ఏఐ సీట్లు పెంచుకోవడమే తప్ప కోర్ బ్రాంచ్ అంటే ఎవరికీ పట్టదు. 2019లో ప్రకటించిన విశాఖ రైల్వే జోన్‌కి 2025లో శంకుస్థాపన చేసిన దేశం మనది, ఎంటెక్ కోర్సు అడిగితే ఎప్పటికి వస్తుందో మరి.

చెన్నై మెట్రో వాళ్లు మద్రాస్ ఐఐటీతో కలిసి మెట్రో రైల్ మీద ఏడాది పీజీ డిప్లొమా పెట్టి, స్టైపెండ్ ఇచ్చి మరీ చదివించి ఉద్యోగంలోకి తీసుకుంటున్నారు. ఇక్కడ మెట్రో ఉంది, జోన్ ఉంది, ఇరిసెట్ ఉంది, ఉస్మానియా, జేఎన్‌టీయూ ఉన్నాయి. అందరూ ఒక టేబుల్ దగ్గర కూర్చుంటే ఇరవై సీట్లతో సిగ్నలింగ్‌లో ఎంటెక్ మొదలుపెట్టలేరా? బర్మింగ్‌హామ్ వెళ్లాలంటే మా తమ్ముడు ఇల్లు తాకట్టు పెట్టాలి.

మీరు ఈసారి ఇలాంటి వ్యాసం వేసేముందు ఒక రిపోర్టర్‌ని తార్నాక పంపండి, అలాగే ఉన్నత విద్యామండలికీ పంపండి, ఈ కోర్సు ఎందుకు లేదో, ఎప్పుడు పెడతారో అడిగించండి. వాళ్లు చెప్పిన జవాబు ఉన్నదున్నట్టు అచ్చు వెయ్యండి, "పరిశీలనలో ఉంది" అన్నా సరే.

ఇట్లు,
ఒక రిటైర్డ్ సిగ్నల్ ఉద్యోగి,
మెట్టుగూడ, సికింద్రాబాద్