ఐసీయూ బయట నా పక్కన కూర్చున్న పెద్దాయనకి

అమ్మని నిన్న రాత్రి ఇంటికి తెచ్చుకున్నాం. పదకొండు రోజులు తిరుపతిలో ఆసుపత్రి, అందులో ఐదు రోజులు ఐసీయూ. ఇప్పుడు లోపల పడుకుని ఉంది. నాకు నిద్ర పట్టడం లేదు. అటూ ఇటూగా రాస్తే మన్నించండి, ఇవాళ రాయకపోతే మళ్ళీ పనుల్లో పడి ఎప్పటికీ రాయలేను.

మా అమ్మది పాకాల దగ్గర పల్లె. రెండు ఆవులున్నాయి. పొద్దున్నే పొలం గెనాల మీద గడ్డి కోసుకొస్తుంది. వానలు పడ్డాక జ్వరం మొదలైంది. ఊళ్ళో ఆర్‌ఎంపీ డాక్టరు సూదులు వేశాడు, తగ్గలేదు. బయట ల్యాబులో విడాల్ పరీక్ష చేయించి టైఫాయిడ్ అన్నారు, దానికి మందులు వాడాం. తొమ్మిదో రోజు రాత్రి మాటల్లో తేడా వచ్చింది. నన్ను చూసి "నువ్వెవరు పాపా" అంది. ఆయాసం. అప్పటికప్పుడు బండి మాట్లాడుకుని తిరుపతికి తీసుకొచ్చాం.

ఎమర్జెన్సీలో ఉన్న డాక్టరమ్మ ఒళ్ళంతా వెతికింది. నడుము దగ్గర, పావడా నాడా కట్టుకునే చోట, నల్లటి పెచ్చు. సిగరెట్‌తో కాల్చితే పడే మచ్చలా ఉంది. నొప్పీ లేదు, దురదా లేదు, అందుకే అమ్మ ఎవరికీ చెప్పలేదు. "స్క్రబ్ టైఫస్ అమ్మా, పరీక్ష రిజల్ట్ కోసం ఆగం, మందు ఇప్పుడే మొదలుపెడతాం" అంది. గడ్డిలో, పొదల్లో ఉండే కంటికి ఆనని చిగ్గర్ పురుగు కుడితే వస్తుందట. మనిషి నుంచి మనిషికి అంటదు. మొదటి రోజుల్లో డాక్సీసైక్లిన్ మాత్రలు వేస్తే రెండు మూడు రోజుల్లో దిగే జ్వరమేనట. ఆలస్యమైతే ఊపిరితిత్తులు, కిడ్నీలు, మెదడు దాకా పోతుంది. మా అమ్మకి పోయింది.

ఆ డాక్టరమ్మకి చేతులెత్తి దండం పెడుతున్నాను. కానీ ఈ పోస్టు ఇంకొకరి కోసం.

అమ్మ పేరు మీద మూడేళ్ళ నుంచి ఆరోగ్య బీమా కడుతున్నాను. నా జీతంలోంచి, ఒక్క ఏడాది కూడా తప్పకుండా. ఎన్టీఆర్ వైద్య సేవ మాకు వర్తించదు, తమ్ముడికి ప్రభుత్వ ఉద్యోగం వచ్చాక కార్డు పోయింది. అందుకే ఈ పాలసీనే ధైర్యంగా పెట్టుకున్నాను. ఐసీయూలో చేర్చిన మర్నాడు పగలు పదకొండున్నరకి క్యాష్‌లెస్ (బిల్లు కంపెనీయే నేరుగా ఆసుపత్రికి కట్టడం) రిజెక్ట్ అని మెసేజ్ వచ్చింది. అడ్మిషన్ ప్రధానంగా పరీక్షల కోసమేనని, ఈ జబ్బుకి ఇంటి దగ్గరే మాత్రలతో వైద్యం సరిపోతుందని రాశారు. లోపల అమ్మ ముఖానికి ఆక్సిజన్ మాస్క్ ఉంది. బయట నేను ఆ వాక్యం చదువుతున్నాను. బిల్లింగ్ కౌంటర్లో సాయంత్రానికి అరవై వేలు కట్టమన్నారు. గాంధీ రోడ్డుకి పోయి గాజులు కుదువ పెట్టి వచ్చాను. కట్టిన రసీదు, రిజెక్ట్ కాగితం రెండూ చేతిలో పట్టుకుని ఐసీయూ బయట స్టీలు కుర్చీలో కూర్చుంటే అప్పుడొచ్చింది ఏడుపు. ఆపుకోలేకపోయాను.

పక్క కుర్చీలో ఒక పెద్దాయన. అరవై ఐదు పైనే ఉంటాయి. పంచె, భుజం మీద తువ్వాలు, కాళ్ళ దగ్గర బట్టల సంచి. మాట తీరు పీలేరు వైపు మనిషిలా ఉంది. "ఏం మా, ఆ కాగితం పట్టుకోని అట్ల కూలబడినావు? ఇట్లియ్యి, చూస్తాను" అన్నాడు. ఎవరో ఏమో, నేను ఇచ్చేశాను.

కళ్ళద్దాలు పెట్టుకుని రెండుసార్లు చదివాడు. "ఇదే మాట నాకూ రాసినారు మా" అన్నాడు. రెండేళ్ళ కింద ఆయన భార్యకి డెంగ్యూ వస్తే ఆసుపత్రిలో వారం ఉంచారట. ఇదే కారణం చెప్పి క్లెయిమ్ కొట్టేశారు. కంపెనీ చెప్పిందే ఆఖరి మాట అనుకుని రెండు ఆవుల్ని అమ్మి బిల్లు కట్టాడు. దాని మీద మళ్ళీ అడగవచ్చని ఎవరో చెప్పేసరికి చాలా కాలం గడిచిపోయింది. ఆ తర్వాత ప్రీమియం కట్టడానికి మనసు రాలేదట. ఇప్పుడు అదే భార్య పక్షవాతంతో లోపల ఉంది, నాలుగో బెడ్డు. బీమా లేదు. "నాకు ఆ పొద్దు చెప్పేవాళ్ళు లేకపోయిరి. నీకు నేను చెప్తా ఉండా కదా, ఏడవద్దు" అన్నాడు.

నర్సుని అడిగి కేస్ షీటు జిరాక్స్ తెప్పించుకోమన్నాడు. జేబులోంచి ఎర్ర పెన్ను తీశాడు. ఆయనకి ఇంగ్లీషు అంతంత మాత్రమే, నన్ను చదవమని అంకెల చుట్టూ సున్నాలు చుట్టాడు. ప్లేట్‌లెట్లు 38 వేలు, ఆక్సిజన్ 86, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ 2.3. మొదటి పేజీలో ఎమర్జెన్సీలో రాసుకున్న మాట దగ్గర ఆగిపోయాడు: జ్వరం, పరీక్షల నిమిత్తం. "ఇదో, దీన్ని పట్టుకోనే కొట్టేసినారు. వాళ్ళకి జబ్బు పేరు పోలేదు, జ్వరం అనే పోయింది" అన్నాడు. మందుల షాపు బిల్లు వెనకాల నాకు రాసిచ్చాడు, పొద్దున రౌండ్స్‌కి డాక్టరు వచ్చినప్పుడు ఏమేం అడగాలో. జబ్బు పేరు స్పష్టంగా రాయమను. ఇంట్లో మాత్రలు ఎందుకు చాలవో రాయమను. ఐసీయూ ఎందుకో రాయమను. స్క్రబ్ టైఫస్‌కి చేసిన ఐజీఎం రక్త పరీక్ష రిపోర్టు, ఆ నల్ల మచ్చ ఫోటో జత చేయి. రిజెక్ట్ అయిందని ఊరుకోకుండా అదే క్లెయిమ్‌ని మళ్ళీ చూడమని రాయి. ఆ బిల్లు ఇప్పటికీ నా దగ్గర ఉంది. అక్షరాలు వంకరగా ఉన్నాయి, ఒక్కో మాట కింద రెండేసి గీతలు.

రాత్రి తొమ్మిదిన్నర అయింది. సంచిలోంచి స్టీలు డబ్బా తీశాడు, పెరుగన్నం. మూతలో సగం పెట్టి, పైన ఊరగాయ వేసి నా చేతికిచ్చాడు. వద్దు అన్నాను, మీకు చాలదు అన్నాను. "అలవాటుగా ఇద్దరికీ కలిపేసినా మా. ఆమె తినలేదు కదా. ఆమె వాటా నువ్వు తిను" అన్నాడు.

పొద్దుటి నుంచి బిల్లింగ్ కౌంటర్ దగ్గర, గాజులు తీసిచ్చేటప్పుడు, కుర్చీలో ఏడ్చినప్పుడు కూడా పూర్తిగా విరగని మనిషిని ఆ ముద్ద నోట్లో పెట్టుకుని విరిగిపోయాను. ఆయన ఏమీ అనలేదు. కిటికీలోంచి తిరుమల ఘాట్ రోడ్డు లైట్లు కనిపిస్తుంటే అటు తిరిగి కూర్చున్నాడు, నేను తినేదాకా.

పొద్దున పెద్ద డాక్టరు వచ్చినప్పుడు ఆ బిల్లు చూసుకుంటూ ఒక్కొక్కటే అడిగాను. ఆయన విసుక్కోకుండా పేజీన్నర లెటర్ ఇచ్చారు. తీవ్రమైన స్క్రబ్ టైఫస్‌లో డాక్సీసైక్లిన్, అజిత్రోమైసిన్ రెండూ కలిపి నరానికి ఎక్కిస్తే, ఒక్కటే ఇచ్చినదానికన్నా మేలని వెల్లూరు సీఎంసీ ఆసుపత్రి డాక్టర్లు ముందుండి చేసిన పరిశోధన 2023లో వచ్చిందని, అదే వైద్యం మా అమ్మకి జరుగుతోందని, ఇది మాత్రలతో ఇంట్లో చేసేది కాదని అందులో రాశారు. పదిన్నరకి అన్నీ పంపాం. కంపెనీ నుంచి రెండు క్వెరీలు వచ్చాయి, రెండింటికీ జవాబు ఇచ్చాం. సాయంత్రం నాలుగు దాటాక మెసేజ్ వచ్చింది, క్యాష్‌లెస్ అప్రూవ్డ్.

ఫోన్ పట్టుకుని పరిగెత్తాను ఆయనకి చూపిద్దామని. కుర్చీ ఖాళీ. నాలుగో బెడ్డు పేషెంటుని అంబులెన్స్‌లో వెల్లూరు తీసుకెళ్ళారని, గంట దాటిందని అటెండర్ చెప్పాడు. నేను ఆ టైములో జిరాక్స్ షాపులో ఉన్నాను. ఫోన్ నంబరు తీసుకోలేదు. పేరు కూడా అడగలేదు, పెద్దాయనా పెద్దాయనా అనే పిలిచాను. ఆసుపత్రిలో అడిగితే వివరాలు ఇవ్వకూడదన్నారు, అదీ న్యాయమే. పీలేరు, కలికిరి, వాయల్పాడు వైపు వాళ్ళు ఎవరైనా ఇది చదివితే, ఎర్ర పెన్నుతో సున్నాలు చుట్టే పెద్దాయన మీకు తెలిస్తే, పాకాల అమ్మాయి వాళ్ళ అమ్మ ఇంటికొచ్చిందని చెప్పండి. పెద్దమ్మకి ఎలా ఉందో నాకు చెప్పండి.

ఇంకో మాట, రాయకుండా ఉండలేకపోతున్నాను. డిశ్చార్జ్ అని పగలు పదకొండుకి చెప్పారు. బీమా కంపెనీ ఆఖరి అప్రూవల్ వచ్చింది రాత్రి ఏడుంబావుకి. క్యాష్‌లెస్ అడిగితే గంటలో, డిశ్చార్జ్ అప్పుడు మూడు గంటల్లో తేల్చాలని బీమా కంపెనీల్ని నియంత్రించే ఐఆర్‌డీఏఐ 2024లోనే ఆదేశాలిచ్చింది. అమ్మ ఎనిమిది గంటలు చక్రాల కుర్చీలో కూర్చుంది. మొత్తం బిల్లు 2,34,600. కంపెనీ ఇచ్చింది 1,78,900. మిగతా 55,700 మేమే కట్టాం. రూమ్ రెంట్ లిమిట్ దాటిందని రూముతో పాటు డాక్టరు ఫీజులో కూడా అదే లెక్కన కోశారు. గ్లౌజులు, మాస్కులు పాలసీలో రావన్నారు. పాలసీ అమ్మినప్పుడు ఈ మాట ఒక్కరూ చెప్పలేదు. కనెక్టికట్‌లో ఉండే మా పిన్ని కొడుకు ఫోన్ చేసి, అక్కడ లైమ్ అనే జబ్బు ఇలాగే పురుగు కుడితే వస్తుందని, దానికీ డాక్సీసైక్లినే ఇస్తారని, దాని పేరు కూడా ఆ రాష్ట్రంలోని లైమ్ అనే ఊరి మీద వచ్చిందని చెప్పాడు. అక్కడ కూడా బీమా కంపెనీలతో జనం కొట్లాడి కొట్లాడి, చివరికి లైమ్‌కి 30 రోజులు నరానికి ఎక్కించే మందు, 60 రోజులు మాత్రలు కంపెనీ భరించాల్సిందేనని ఆ రాష్ట్రంలో చట్టమే తెచ్చుకున్నారట. జబ్బు పేరు పెట్టి చట్టంలో రాశారు. మన దగ్గర వానలు పడితే పల్లెపల్లెకీ వచ్చే స్క్రబ్ టైఫస్‌కి ఐసీయూలో ఉన్న మనిషి మాత్రలు వేసుకుంటే చాలు అని రాసి పంపుతారు. కోసిన డబ్బు గురించి కంపెనీకి ఫిర్యాదు పెట్టాను. నెలలో సరైన జవాబు రాకపోతే బీమా కంపెనీల మీద ఫిర్యాదులు విని తేల్చే హైదరాబాదులోని బీమా అంబుడ్స్‌మన్‌కి రాస్తాను. దానికి ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు. మీకు రిజెక్ట్ అని వస్తే అక్కడితో ఆగిపోకండి, దయచేసి.

మా ఆయన, తమ్ముడు, మరదలు పదకొండు రోజులు తిరిగారు. వాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు.

మర్చిపోయాను, ఐసీయూలో రాత్రి డ్యూటీ సిస్టర్ ఇద్దరూ, ముఖ్యంగా అమ్మకి జడ వేసిన కేరళ అమ్మాయి. ఇన్సూరెన్స్ డెస్క్‌లో అబ్బాయి, డ్యూటీ అయిపోయినా క్వెరీకి జవాబు అప్‌లోడ్ చేసేదాకా ఉన్నాడు. ప్లేట్‌లెట్లు ఇచ్చిన యూనివర్సిటీ పిల్లలు నలుగురు, మీ పేర్లు రాసుకున్న కాగితం ఎక్కడో పెట్టాను, దొరకగానే ఫోన్ చేస్తాను. ఆవులకి గడ్డి వేసి పాలు పితికిన పక్కింటి రెడ్డెమ్మత్త. ఆ రాత్రి బండి తోలిన అన్న, డబ్బులు తర్వాత ఇవ్వమని వెళ్ళాడు, ఇంకా ఇవ్వలేదు, రేపు ఇస్తాను అన్నా.

అమ్మ లేచినట్టుంది, పాపా అని పిలుస్తోంది. ఇప్పుడు నన్ను గుర్తుపట్టే పిలుస్తోంది.